అడిగి పోయించుకున్న మన్ను

నంద్యాల,
ఏప్రిల్ 28.

నాయనా,

నీకూ అమ్మకూ మీ కరుణ వందనాలు. ఫోను ఉండగా ఉత్తరం రాసిందేమిటని కంగారు పడొద్దు. నీ ఫోను స్పీకరులో తప్ప మాట్లాడదు. నేనిక్కడ దగ్గితే కరుణకు జలుబు చేసిందని మన వీధంతా చెప్పుకుంటుంది. ఇప్పుడు చెప్పేవి వీధిలో వినాల్సిన సంగతులు కావు. అద్దాలు పెట్టుకుని నువ్వొక్కడివే చదువు. అమ్మకు ఎంతవరకు చెప్పాలో నీకే తెలుసు.

నాకు ఈ ఉద్యోగమంటే రోత పుట్టింది. రోత అంటే విసుగు కాదు, అలసట కాదు. అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండానే లేచి చెయ్యి కడుక్కుంటున్నాను. నువ్వేమో మన చర్చిలో లేచి నిలబడి, నా బిడ్డ నీళ్ళ ఆఫీసరు అయిందని సాక్ష్యం చెప్పావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆఫీసర్ని కాదు నాయనా. ఒక ప్రైవేటు ల్యాబులో సీసాలు మోసే మనిషిని. కెమిస్ట్రీ చదివాను కాబట్టి ఆ సీసాల మీద చీటీలు రాసే పని కూడా నాకే ఇచ్చారు.

పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఊరి బయట, ఆళ్ళగడ్డ రోడ్డు మీద మూతబడిన పురుగుమందుల ఫ్యాక్టరీ ఉంది కదా, పోయిన నెల నన్ను చూడ్డానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డావే, అదే. అది నడిచినన్నాళ్ళూ పాడైన పొడులు, మిగిలిన మందులు, డ్రమ్ములు కడిగిన నీళ్ళు అన్నీ వెనకాల గుంతలు తీసి పూడ్చారు. తర్వాత యజమాని తాళం వేసి ఎటో పోయాడు. చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు కంపు కొట్టడం మొదలయ్యాక ఊళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు. ఆ మన్నంతా తవ్వి, సంచుల్లో మూటకట్టి, మూసిన లారీల్లో చాలా దూరాన విషపు చెత్త కోసమే కట్టిన గుంతకు చేర్చాలని కోర్టు చెప్పింది. తవ్వే కాంట్రాక్టరు చెన్నకేశవులు. విషం ఇంకా నేలలోకి దిగుతోందా లేదా అని చుట్టూ వేసిన బోర్లలో నెలనెలా నీళ్ళు తీసి చూసేది మా ల్యాబు. ల్యాబు తరఫున రోజూ అక్కడికి వెళ్ళి బోర్లలో నీటిమట్టం రాసుకునేది, నెలకోసారి నీళ్ళు పట్టేది నేను.

ఆ వాసన ఎలా ఉంటుందో నీకెలా చెప్పను. పత్తికి మందు కొట్టిన సాయంత్రం చేలో వచ్చే వాసన నీకు తెలుసు. దాన్ని మూతపెట్టి ఎండాకాలమంతా ఉడకబెట్టినట్టుంటుంది. జేసీబీ మన్నులోకి దిగినప్పుడల్లా పసుపుపచ్చటి గడ్డలు, సగం కరిగిన డబ్బాలు, వాటిలోంచి చీములాగా కారే ఏదో జిగురు పైకి వస్తాయి. ముక్కుకు ఎంత గట్టిగా గుడ్డ కట్టుకున్నా నాలుక మీద చేదు నిలుస్తుంది. తవ్వే కూలీలకు మాస్కులిచ్చి ఫోటో తీసుకున్నారు. ఫోటో అయ్యాక మాస్కులు వెనక్కి తీసుకున్నారు.

బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వేరే సీటుకు పోతారు. మా ఇంటి ఓనరు సరోజమ్మ నిన్న నన్ను వాకిట్లోనే ఆపింది. "ఏమనుకోవద్దు మా, ఆ కొళాయి కాడ నీల్లు పోసుకోని రా లోపలికి. మాది దేవుని గూడు ఉండే ఇల్లు" అంది. దారిన పోయేవాళ్ళు చూస్తుండగా బట్టలతోనే నీళ్ళు పోసుకున్నాను. ఆమె చెప్పింది ఫ్యాక్టరీ వాసన గురించేనా, ఇంకో దాని గురించా అని చాలాసేపు ఆలోచించాను. ఏ జవాబు వచ్చినా నాకు అసహ్యమే వేసింది.

ఇవన్నీ ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది వేరే ఉంది. బోరులో నీళ్ళు తీయడానికి ఒక పద్ధతి ఉంది నాయనా. గొట్టంలో నిలిచిన నీళ్ళను ముందు తోడి పారబోయాలి. నేలలోంచి కొత్త నీళ్ళు ఊరాక వాటిని సీసాలో పట్టాలి. ఈ నెల ఒక బోరు దగ్గర ఎంత తోడినా బ్లీచింగ్ వాసన వస్తోంది. మునిసిపాలిటీ కొళాయి నీళ్ళ వాసన. నేలలో బ్లీచింగ్ ఎందుకు పుడుతుంది? చుట్టూ చూస్తే టాంకరు చక్రాల గుర్తులున్నాయి. మర్నాడు ఎండ ముదరకముందే వెళ్ళి చూశాను. చెన్నకేశవులు టాంకరు ఇంకో బోరులోకి పైపు వదిలి నీళ్ళు నింపుతోంది. వాడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవనైనా లేదు. "ఎండలకు బోర్లు ఇంకిపోతాండాయి మేడం. నీకు నీల్లు దొరకవని పోయిస్తాండా" అన్నాడు. అంత నవ్వు మొహంతో అబద్ధం చెప్పేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ల్యాబు ఓనరు సురేష్ సారుకు వెళ్ళి చెప్పాను. ఆయన టీ గ్లాసు దించకుండా విన్నాడు. "బోర్లో నీల్లు ఉండాయి గదా. పట్టుకొచ్చినావు గదా. నీ పని అయిపాయ. ఆ నీల్లు యాడ నుంచి వచ్చినాయని మనల్ని ఎవురూ అడగల్యా" అన్నాడు. ఆ నీళ్ళకే పరీక్ష చేశాం. అన్నీ శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు పోయింది. శుభ్రంగా ఉండక ఏం చేస్తాయి, నంద్యాల జనం తాగే నీళ్ళవి.

తవ్విన మన్ను కూడా సంచుల్లోకి పోవడం లేదు. మీద పట్ట కూడా కప్పకుండా టిప్పర్లలో ఆళ్ళగడ్డ వైపు పోతోంది. కోర్టు చెప్పిన విషపు చెత్త గుంత అటువైపు లేదు. వాడు దాన్ని ఎవరి నెత్తిన పోస్తున్నాడో నాకు తెలియడం లేదు.

పోయిన నెల గేటు దగ్గర నువ్వు వాడితో నవ్వుతూ మాట్లాడావు. నా బిడ్డ ఇక్కడే పనిచేస్తుందని గొప్పగా చెప్పుకున్నావు. నాకు నచ్చలేదు, అప్పుడు చెప్పలేకపోయాను. ఇకమీదట వాడు ఎదురైతే పలకరించొద్దు. నన్ను నోరు మూసుకుని ఉండమంటావా, పైవాళ్ళకు చెప్పమంటావా, నీ మాట రాయి.

నీ బిడ్డ
కరుణ


నంద్యాల,
మే 8.

నాయనా,

ఈ నాలుగు ముక్కలు చదివి ముందు చెప్పులేసుకుని చర్చికి వెళ్ళు. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు. చర్చి ముందు కొత్తగా పోయించిన నల్లమన్ను మీదికి ఎవరినీ రానివ్వొద్దు. పిల్లల్ని అసలే రానివ్వొద్దు.

నిన్న నీ ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. సగం చెప్పానో లేదో, "మన్నులో విషమేందీ మ్మా, టిప్పరు డ్రైవరు ఈడనే టీ తాగుతాండాడు, ఇంటే బాధ పడతాడు" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం ఆళ్ళగడ్డ బస్సు కండక్టరు చేతికిచ్చి మన ఊరికి పంపుతున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఓపిక పట్టు, పైవాళ్ళతో పెట్టుకోవద్దు అన్నావు. సరే, అది నీ మాట. ఆ కింద ఏం రాశావో గుర్తుందా? దేవుని కృపవల్ల మన చర్చి ముందున్న పల్లం పూడిందనీ, ఫ్యాక్టరీ దగ్గర పరిచయమైన చెన్నకేశవులు అడగ్గానే ఊరికే మన్ను తోలించాడనీ, మన పాస్టరు జకరయ్య అయ్యగారు ప్రార్థన చేసి ఆ నేలను ప్రతిష్ఠించారనీ, వాడికి శాలువా కప్పారనీ, సోమవారం నుంచి పిల్లల బైబిలు తరగతులు అక్కడేననీ రాశావు. మన్ను కొంచెం మందు వాసన వస్తోంది, ఏదో పత్తిచేను మన్ను అయుంటుంది అని కూడా రాశావు. నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పత్తిచేను మన్ను కాదు నాయనా. ఏప్రిల్ అంతా నా కళ్ళముందు తవ్వి ఎత్తిన మన్ను అది.

నిన్ను ఏమనాలో తెలియడం లేదు. ఎండాకాలం వస్తే మన వైపు చెరువు మన్ను తోలుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఎండిన చెరువులో నల్లటి ఒండ్రు తవ్వి ట్రాక్టర్లతో చేలకు కొట్టుకుంటారు. ఊరికే వస్తుందంటే రెండు లోడ్లు ఎక్కువే పోయించుకుంటారు. నల్లమన్ను వాకిట్లోకి వస్తుంటే అది ఏ చెరువు నుంచి వచ్చిందని మన దగ్గర ఎవరూ అడగరు. మందు వాసన వచ్చినా అడగరు. మందు వాసన రాని చేను మనకు ఎక్కడుంది? చెన్నకేశవులుకు ఇదంతా తెలుసు. వాడూ మన వైపు పుట్టినవాడే.

ఇవాళ పొద్దున వాడి దగ్గరికి వెళ్ళాను. మా చర్చిలో పోసిన మన్ను ఎక్కడిది అని అడిగాను.

"నీకు తెలియందా మేడం" అన్నాడు.

"అక్కడ పిల్లలు కూర్చుంటారు" అన్నాను.

"మీ నాయనే అడిగినాడు గదమ్మా. పల్లంలో నీల్లు నిలుస్తాండాయి, కొంచెం మన్ను పోయించప్పా అన్యాడు. నువ్వు ఈడ పనిచేస్తాండావని పెద్దాయన ఎంత గొప్పగా చెప్పుకున్యాడో. అట్లాంటాయన అడిగితే కాదంటానా? రేపు ఎవురన్నా వచ్చి మన్ను యాడికి పోయిందని అడిగినా అదే చెప్తా. మేడం వాల్ల నాయన అడిగి పోయించుకున్యాడని చెప్తా. నాకు శాలువా గూడా కప్పినారు. సూడు, ఫోటో ఉండాది."

ఫోన్లో చూపించాడు. నువ్వు, జకరయ్య అయ్యగారు, మీ ఇద్దరి మధ్యలో వాడు. ముగ్గురూ ఆ మన్ను మీదే నిలబడ్డారు. నువ్వు చెప్పులు విడిచి నిలబడ్డావు.

అప్పుడు అర్థమైంది. మన పల్లం మీద వాడికి జాలి కలగలేదు. నన్ను నోరెత్తకుండా చేయాలని పోశాడు. డీజిలు ఖర్చు తగ్గింది, విషం వదిలింది, కూతురు నోరు మూతబడింది. వాడి మొహం మీద ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు. 

నాయనా, ఆడవాళ్ళు బుట్టలతో ఆ మన్ను మిరపనారుకూ గోంగూర మడికీ ఎత్తుకుపోయారని రాశావు. అందరికీ చెప్పు, ఆ మడుల్లో ఏదీ కోసి వండుకోవద్దని. చర్చి చేతిపంపు నీళ్ళు తాగొద్దని చెప్పు. తరగతులు బడి వరండాలో పెట్టించు. నా మాట నమ్ముతారో లేదోనన్న భయం ఉంటే ఆదివారం నేనే వచ్చి అందరి ముందూ చెప్తాను. నువ్వు పక్కన నిలబడితే చాలు.

కరుణ


నంద్యాల,
జూన్ 11.

నాయనా,

నెల రోజులుగా నీకు రాయలేదు. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, రాస్తున్నాను.

ఆ ఆదివారం సంగతి నువ్వు మరిచిపోయి ఉంటావు. నేను మరిచిపోలేదు. ప్రకటనలు అయ్యాక లేచి, మన నేల మీద పోసింది పురుగుమందుల ఫ్యాక్టరీ గుంతల్లో మన్ను అని చెప్పాను.  అందరూ నీ వైపు చూశారు. సంఘ పెద్దవు కదా. నువ్వు లేచావు. హమ్మయ్య అనుకున్నాను. "మా పాపకు నంద్యాల పోయినాక ప్రతీదీ కంపు కొడతాంది. మన మన్ను, మన నీల్లు, మన కూడు. కూసో మ్మా" అన్నావు. చర్చి చర్చంతా నవ్వింది. అమ్మ కూడా తలవంచుకుని నవ్వింది. కొళాయి దగ్గర బట్టలతో నీళ్ళు పోసుకున్న రోజు కూడా నాకు అంత తలవంపుగా అనిపించలేదు. అక్కడ నిలబెట్టింది పరాయి మనిషి.

ఆ తర్వాత తరగతులు అక్కడే జరిగాయి. పిల్లలు ఆ మన్ను మీదే కూర్చుని పాటలు పాడారు, ఆటలు ఆడారు, ఆ చేతులతోనే బిస్కెట్లు తిన్నారు. అమ్మ ఆ పాటలు ఫోనులో పంపింది. నేను వినలేకపోయాను. తరగతికొచ్చే దెబోరా కూతురికి కాళ్ళ నిండా దద్దుర్లు లేచాయని, ఎండకు వచ్చిన వేడి అంటున్నారని అమ్మే చెప్పింది.

నువ్వు నన్ను కూర్చోబెట్టిన రోజు, బస్సెక్కే ముందు ఆ మన్ను ఒక సీసాలో నింపుకుని వచ్చాను. వేరే పేరు చీటీ అంటించి నేనే పరీక్ష చేశాను. గుంతలోది, మన చర్చి ముందుది ఒకటే. సురేష్ సారుకు చూపించాను. ఆయన తలుపు మూసి, చాలా మెల్లగా మాట్లాడాడు. "ఇది బయటికి పోతే ముందు నలిగేది మీ నాయన. ఆ తర్వాత నువ్వు. కాంట్రాక్టరు దాకా పోయేటప్పటికి నువ్వూ నేనూ ముసలోల్లమైతాం. నీ మంచికే చెప్తాండా" అన్నాడు. అది బెదిరింపే. కానీ అందులో అబద్ధం లేదు. అందుకే మరీ అసహ్యమేసింది.

కోర్టు వేసిన కమిటీ ఈ నెల 24, సోమవారం ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తోంది. నీళ్ళు తీసే మనిషిని కూడా పిలిచి అడుగుతారట. బోర్ల సంగతి చెప్తే మన్ను సంగతి అడుగుతారు. మన్ను ఎక్కడికి పోయిందంటే మన చర్చికి అని చెప్పాలి. ఎలా పోయిందంటే నీ పేరు చెప్పాలి. చెన్నకేశవులు ఫోటో పట్టుకుని పక్కనే నిలబడి ఉంటాడు. కోర్టు వాళ్ళ ముందు, మా నాయన అడిగి పోయించుకున్నాడు అని నేను అనలేను. ఎన్నిసార్లు అద్దం ముందు అనబోయినా 'మా నాయన' దగ్గరే ఆగిపోతున్నాను. నువ్వు నన్ను అందరి ముందూ కూర్చోబెట్టావు, నేను నిన్ను అందరి ముందూ నిలబెట్టలేను.

అందుకే ఒకటి నిర్ణయించుకున్నాను. 22న రాజీనామా ఇచ్చి హైదరాబాదు పోతాను. అక్కడ మాత్రల కంపెనీలో ఒక పని ఉందని స్నేహితురాలు చెప్పింది. కమిటీ వచ్చే రోజుకు నేను ఇక్కడ ఉండను. వాళ్ళు శుభ్రమైన నీళ్ళు చూసి, శుభ్రంగా రాసుకుని పోతారు.

వాడి మీద రోత, సారు మీద రోత, ఇట్లా పారిపోతున్నందుకు నా మీద నాకు రోత. నీ మీద కూడా పుట్టింది నాయనా. దాచడం ఎందుకు. ఆ పిల్లల మొహాలు చూసి కూడా ఆ మన్నును వదులుకోలేకపోయావు, నలుగురిలో మాట పోతుందని.

పల్లం పూడినందుకు ఈ ఆదివారం ప్రేమవిందు పెడుతున్నారని, చెన్నకేశవుల్ని కూడా పిలిచారని అమ్మ చెప్పింది. నేను రాను. నాకోసం ఏమీ తీసి ఉంచొద్దని అమ్మకు చెప్పు. పిల్లల సంగతి నీకు చెప్పాల్సినన్ని సార్లు చెప్పాను. ఇక అది నీ మెడకే.

కరుణ


ఆళ్ళగడ్డ,
జూన్ 19.

నా బిడ్డ కరుణకు నీ తండ్రి యేసురత్నం రాయునది.

నాకు రాయడం చర్చి భాషలోనే వస్తుంది. ఎక్కడైనా గట్టిగా అనిపిస్తే సర్దుకో. ఆళ్ళగడ్డ బస్టాండులో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాస్తే మీ అమ్మ పక్కన కూర్చుని ఏడుస్తోంది.

నీ చివరి ఉత్తరం శనివారం అందింది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. నా మీద రోత పుట్టిందని రాసిన బిడ్డకు ఏం రాసేదిలే అనుకున్నాను. కోపంగానే ప్రేమవిందు పనులు చూసుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కొత్త నేల మీదే బారులు తీరి కూర్చున్నాం. ఆడవాళ్ళు మాంసం, అన్నం, పాయసం వండారు. చెన్నకేశవులు కారులో వచ్చాడు. రోడ్డు మీదే నిలబడ్డాడు. లోపలికి రా అప్పా, ఒక ముద్ద తిను అంటే, "ఈ పొద్దు ఉపవాసం పెదనాయనా" అన్నాడు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మన చేతి కూడు తినని వాళ్ళు మనకు కొత్త కాదు. అలవాటైన అవమానమే కదా అని నేనూ బలవంతం చేయలేదు.

సోమవారం పొద్దున ఊడ్వడానికి పోయాను. ప్రేమవిందు మర్నాడు ఊడ్చేది ఎప్పుడూ నేనేనని నీకు తెలుసు. విస్తళ్ళు ఎత్తాను. మెతుకులు, పాయసం పడిన చోట పడినట్టే ఉన్నాయి. ఒక్క చీమ లేదు. ఏ ఏడైనా ప్రేమవిందు మర్నాడు ఆ నేల చీమలతో కదులుతూ ఉంటుంది, చీపురు పెడితే చేతులకు ఎక్కుతాయి. మెట్ల పక్కన పాత మన్ను మీద చూస్తే అవి బారుగానే వస్తున్నాయి. కొత్త మన్ను అంచుకు వచ్చి పక్కకు తిరిగి పోతున్నాయి. పాయసం కొంచెం తీసి అంచు దాటించి పెట్టాను. పక్కనే కూర్చున్నాను. ఎండ నెత్తిన పడే దాకా ఒక్కటి కూడా దాటలేదు.

చీమ ఒల్లని నేల మీద నేను పిల్లలను కూర్చోబెట్టాను.  చెన్నకేశవులు తినకపోయింది మనం వండినందుకు కాదని అప్పుడు తెలిసింది. ఆ నేల మీద కూర్చోవడం వాడికి ఇష్టం లేదు. మనల్ని కూర్చోబెట్టడం మాత్రం ఇష్టమే.

లేచి ఇంటింటికీ పోయాను. కరుణ చెప్పింది నిజం, ఆ రోజు దాన్ని కూర్చోబెట్టి తప్పు చేసింది నేను అని ప్రతి వాకిట్లో చెప్పాను. మిరపనారు పీకించాను. చేతిపంపు పిడి ఊడదీయించాను. కొందరు తలుపు తీయలేదు. దెబోరా మాత్రం బయటికి వచ్చి, కూతుర్ని నా ముందు నిలబెట్టి, పావడ కొంచెం పైకెత్తి చూపించింది. "ఆ పొద్దు నీ బిడ్డ చెప్తే అందర్నీ నవ్విస్తివి గదా పెదనాయనా. ఇప్పుడు నవ్వు" అనింది. నేను నిలబడ్డాను. ఆ పాప కాళ్ళు చూడకుండా పోవడానికి నాకు హక్కు లేదనిపించింది. రేపు పిల్లలందరినీ జీపులో ఆళ్ళగడ్డ పెద్దాసుపత్రికి తీసుకొస్తున్నాం. ఆ గుంతల్లో ఏ మందులు పూడ్చారో వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి, ఈ ఉత్తరం తెచ్చిన కండక్టరు చేతికే ఇచ్చి పంపు. డాక్టరు అడిగితే మాకు చెప్పడం రాదు.

జకరయ్య అయ్యగారు ఒప్పుకోలేదు. ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠించిన కానుకను తిరిగి ఎత్తి పంపడం ఎట్లా అన్నారు. దేవుడు చీమలకు చెప్పాడు, మనకు చెప్పలేదా అయ్యగారూ అన్నాను.  కుర్రాళ్ళేమో మనమే పారలతో ఎత్తి ఫ్యాక్టరీ గేటు ముందు పోద్దామని లేచారు. వద్దన్నాను. దాన్ని ఎట్లా ఎత్తాలో నీ ఉత్తరంలో రాశావు. చుట్టూ కంపచెట్టు కొట్టి కంచె వేశాను. చేతులు గీరుకుపోయాయి, వేరే ఎవరినీ రానివ్వలేదు. ఆరాధన ఇక బడి వరండాలో. సంఘ పెద్దగా ఉండనని చెప్పేశాను. ఉండమని ఎవరూ అడగలేదు కూడా.

సంగతి తెలిసి మంగళవారం చెన్నకేశవులు వచ్చాడు. "ఎందుకు పెదనాయనా ఇంత గలాటా. పైన రెండు లోడ్లు ఎర్రమన్ను కొట్టిస్తా. వాసన రాదు, ఏందీ రాదు" అన్నాడు. ఇంట్లోంచి అన్నం తట్టలో పెట్టుకొచ్చి కంచె సందు తీశాను. "ఆడ కూసోని ఒక ముద్ద తిను అప్పా. తిన్యాక ఎర్రమన్ను సంగతి మాట్లాడుకుందాం" అన్నాను. వాడు కారెక్కి అద్దం పైకెత్తుకున్నాడు.

ఈ పొద్దు నంద్యాలకు వచ్చిపోయాను. నీ గది దాకా వచ్చి తిరిగిపోయాను. నీ ముందు నిలబడే మొహం ఇంకా నాకు రాలేదు. కలెక్టరాఫీసులో ఆ కమిటీకి అర్జీలు తీసుకునే గుమాస్తా దగ్గరికి పోయాను. ఆయన మంచివాడే. చదివి, "నీ పేరు వద్దులే పెద్దాయనా, రేపు నీ మీదికే వస్తాది. గ్రామస్తులు అని రాయి, సరిపోతాది" అన్నాడు. "అడిగింది గ్రామస్తులు కాదప్పా, నేను" అన్నాను. ఆ మన్ను అడిగి పోయించుకున్నది యేసురత్నం అని, నా బిడ్డ వద్దని చెప్పినా విననిది కూడా యేసురత్నమేనని, నా చేతితోనే రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

కాబట్టి సోమవారం వాళ్ళు నిన్ను మన్ను ఎక్కడికి పోయిందని అడిగితే, దానికి జవాబు వాళ్ళ దగ్గర నా పేరుతోనే ఉంది. నువ్వు దాచాల్సిన పేరు ఇక ఏదీ లేదు. టాంకరు నీళ్ళు బోర్లలో పోయడం చూసింది మాత్రం నువ్వు. అది నేను చూడలేదు, నేను చెప్పలేను.

నీ నాయన
యేసురత్నం

ఉద్యోగం మానుకోవాలని ఉంటే మంగళవారం మానుకో.